ఐసియూ రిజిస్టరులో ఇన్ఫెక్షన్లు సున్నా ఎలా అవుతాయి

ఒక ఐసియూలో నెలంతా సెంట్రల్ లైన్ (మెడ, ఛాతీ లేదా తొడ దగ్గరి పెద్ద నరంలో వేసే ట్యూబు) ఇన్ఫెక్షన్ ఒక్కటి కూడా రాలేదని రిజిస్టరులో రాసి ఉంటే దానికి కారణం రెండింట్లో ఒకటి. అక్కడి పని నిజంగానే శుభ్రంగా జరిగి ఉండాలి. లేదంటే జ్వరం వచ్చిన రోగి రక్తాన్ని కల్చర్‌కు (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్షకు) పంపకుండానే యాంటీబయాటిక్ మార్చేసి ఉండాలి. ఏది నిజమో ఇన్ఫెక్షన్ల గడి చూస్తే తెలియదు, దాని పక్కన ఉండాల్సిన మరో గడి చూడాలి. ఆ నెలలో ఎన్ని బ్లడ్ కల్చర్లు వెళ్లాయి, వాటిలో ఎన్ని రెండు సెట్లుగా వెళ్లాయి అన్నది అందులో ఉండాలి. మన ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఆ గడే ఉండదు.

లెక్క వేసే పద్ధతి తేలికే. పది పడకల ఐసియూలో రోజుకు సగటున ఏడుగురికి సెంట్రల్ లైన్ ఉందనుకుంటే 30 రోజులకు 210 లైన్ రోజులు. ఆ నెలలో రెండు ఇన్ఫెక్షన్లు తేలితే, రెండును 210తో భాగించి 1000తో గుణిస్తే వెయ్యి లైన్ రోజులకు 9.5 అన్న రేటు వస్తుంది. ఇదే ఐసియూ అసలు రేటు 5 అనుకుందాం. నెలకు రావాల్సినది సగటున ఒక్క ఇన్ఫెక్షన్. అంటే కేవలం అదృష్టం వల్లనే దాదాపు మూడు నెలల్లో ఒక నెల సున్నా పడుతుంది. కాబట్టి చిన్న ఐసియూలో ఒక నెల సున్నాకు కేకు కోయడం, మరుసటి నెల రెండు వచ్చాయని స్టాఫ్ నర్సుకు మెమో ఇవ్వడం, రెండూ అర్థం లేని పనులే. ఆరు నెలలో ఏడాదో కలిపి చూస్తేనే ఆ రేటుకు విలువ.

ఏది ఆసుపత్రిలో వచ్చింది, ఏది ఇంటి నుంచి వచ్చింది అని విడదీయడానికి వాడే గీత 48 గంటలు. చేరిన రెండు రోజుల తర్వాత బయటపడి, చేరేటప్పటికి ఆ లక్షణాలు లేకపోతే దాన్ని ఆసుపత్రి ఖాతాలో వేస్తారు. శస్త్రచికిత్స గాయానికి గడువు 30 రోజులు. కీలు మార్పిడి లాంటి వాటిలో లోపల ఇంప్లాంట్ ఉంటే 90 రోజులు. రోగి ఇంటికి వెళ్లాక వచ్చిన చీము కూడా ఈ లెక్కలోకి రావాలి. డిశ్చార్జి తర్వాత ఫోన్ చేసి అడగని ఆసుపత్రి సర్జికల్ ఇన్ఫెక్షన్ రేటును ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే కుట్టు చీము పట్టిన రోగి ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గరికో పక్క క్లినిక్‌కో వెళ్లిపోతాడు. ఈ నిర్వచనాలు లెక్కించడానికే పుట్టాయని కూడా గుర్తుంచుకోవాలి. నిర్వచనంలో ఇమడలేదని రోగికి మందు ఆపకూడదు, మందు ఇచ్చాం కదా అని లెక్కలో వేయకూడదు. పడక పక్కన డాక్టరు నిర్ణయం ఒకటి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు రిజిస్టరు ఒకటి. ఈ రెండూ కలిసిపోయిన చోట గొడవలు మొదలవుతాయి.

రక్తం ఎంత తీయాలి

పెద్దవాళ్ల రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు కూడా చాలాసార్లు ఒక మిల్లీలీటరుకు ఒక్క బ్యాక్టీరియా కూడా ఉండదు. అందుకే బ్లడ్ కల్చర్‌లో అన్నిటికన్నా ముఖ్యం పరిమాణం. ఒక సెట్ అంటే 20 మిల్లీలీటర్లు: ఏరోబిక్ సీసాలో (ఆక్సిజన్ ఉండేది) 10, అనేరోబిక్ సీసాలో (ఆక్సిజన్ లేనిది) 10. అలాంటివి రెండు సెట్లు, రెండు వేరు వేరు చోట్ల నుంచి. 24 గంటల్లో ఒక్క సెట్‌తో దొరికేవి సుమారు 73 శాతం. రెండు సెట్లతో దాదాపు 90, మూడింటితో 98 అని ఆటోమేటెడ్ యంత్రాలతో చేసిన పరిశీలనలో తేలింది. మన దగ్గర మామూలుగా వెళ్లేది ఒక్క సీసా, అందులోనూ నాలుగైదు మిల్లీలీటర్లు. అలా పంపితే వచ్చే 'నో గ్రోత్' రిపోర్టు రోగిలో ఇన్ఫెక్షన్ లేదని చెప్పదు, సీసాలో పడిన ఆ కాస్త రక్తంలో దొరకలేదని మాత్రమే చెబుతుంది.

ఒక్క సీసాయే వెళ్లడానికి కారణాలు అందరికీ తెలిసినవే. ప్రైవేటులో సీసాకింత అని బిల్లు పడుతుంది. ఆరోగ్యశ్రీ లాంటి ప్యాకేజీ కేసుల్లో పరీక్షల ఖర్చు కూడా ప్యాకేజీలోనే కాబట్టి అది ఆసుపత్రి మీద పడుతుంది. 'ఇంత రక్తం తీస్తున్నారేంటి' అని రోగి బంధువులు నిలదీస్తారు. 20 మిల్లీలీటర్లంటే నాలుగు టీ చెంచాలు. ఆ మాట ముందే చెబితే సగం గొడవ ఉండదు. రెండో సెట్ ఖర్చు, అది లేక గుడ్డిగా నడిపిన మెరోపెనెమ్, కొలిస్టిన్ లాంటి బలమైన యాంటీబయాటిక్‌ల ఖర్చులో ఎంత చిన్న భాగమో ఫార్మసీ బిల్లు చూసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

తీసే పద్ధతిలో తప్పులు కూడా దాదాపు ప్రతిచోటా ఒకటే. చర్మానికి ఆల్కహాల్ కలిసిన 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పూసి 30 సెకన్లు అటూ ఇటూ రుద్దాలి, తర్వాత పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీదే సూది గుచ్చితే పూసిన మందుకు పని చేసే సమయం దొరకదు. శుభ్రం చేశాక నరం ఎక్కడుందో అని మళ్లీ వేలితో తడమడం చాలామందికి అలవాటు. ఆ ఒక్క వేలితో అంతకుముందు చేసినదంతా పోతుంది. సీసా మీది ప్లాస్టిక్ మూత తీస్తే కనిపించే రబ్బరు స్టెరైల్ అని అనుకుంటారు, అది కాదు. దాన్ని కూడా స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. బటర్‌ఫ్లై సూదితో తీస్తే గొట్టంలో గాలి ఉంటుంది కాబట్టి ఏరోబిక్ సీసా ముందు. సిరంజితో తీస్తే అనేరోబిక్ ముందు. రక్తం తక్కువే వచ్చిందనుకోండి, అంతా ఏరోబిక్ సీసాకే ఇవ్వాలి, ఎందుకంటే ఐసియూలో ఎక్కువగా కనిపించే సూడోమోనాస్, క్యాండిడా లాంటివి పెరగడానికి ఆక్సిజన్ కావాలి. లేబుల్‌ను సీసా బార్‌కోడ్ మీద అంటించకూడదు. సీసాలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. రాత్రి తీసిన సీసా తెల్లారేదాకా నర్సింగ్ స్టేషన్ బల్ల మీద ఉండిపోవడం మామూలు విషయమే, కానీ ఆ ఆలస్యం ఫలితాన్ని దెబ్బతీస్తుంది. తీసిన రెండు గంటల్లోపు యంత్రంలోకి వెళ్లడం మంచిది.

ఇదంతా యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే జరగాలి. రోగి షాక్‌లో ఉంటే మాత్రం కల్చర్ కోసం మందును ఆపి కూర్చోకూడదు.

రిపోర్టు వచ్చాక చదవడంలో ఇంకో చిక్కు. స్టాఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ లాంటి కోయాగ్యులేజ్ నెగటివ్ స్టాఫ్ నాలుగు సీసాల్లో ఒక్కదాంట్లోనే పెరిగితే అది చర్మం మీది మురికే అయ్యే అవకాశం ఎక్కువ. స్టాఫ్ ఆరియస్, క్లెబ్సియెల్లా, క్యాండిడా ఒక్క సీసాలో పెరిగినా నిజమైన ఇన్ఫెక్షన్‌గానే తీసుకోవాలి. ఒకే ఒక్క సీసా పంపిన చోట మొదటి రకం పెరిగితే తేల్చుకునే దారే ఉండదు. అప్పుడు భయపడి వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు, అది పదిరోజులు నడుస్తుంది, కిడ్నీ దెబ్బతినవచ్చు. కల్చర్లలో కలుషితమైనవి 3 శాతం లోపు ఉండాలన్నది చాలాకాలంగా ఒప్పుకున్న కొలత. వార్డుల వారీగా ఈ శాతాన్ని ప్రతి నెలా గోడకు అంటిస్తే అది తగ్గుతుంది, ఎవరినీ తిట్టనక్కర్లేదు.

లైన్‌దే తప్పా అన్నది తేల్చాలంటే లైన్ నుంచి ఒక సెట్, చేతి నరం నుంచి ఒక సెట్, ఒకే సమయంలో, ఒకే పరిమాణంలో తీయాలి. లైన్ నుంచి తీసినది చేతి నరం నుంచి తీసినదానికన్నా కనీసం రెండు గంటల ముందు యంత్రంలో పాజిటివ్ అయితే ఇన్ఫెక్షన్ లైన్‌లోనే కూర్చుందని అర్థం. తీసేసిన ప్రతి లైన్ కొసనూ కత్తిరించి ల్యాబ్‌కు పంపడం మాత్రం వృథా. రోగికి ఇన్ఫెక్షన్ అనుమానం లేనప్పుడు ఆ కొస మీద ఏది పెరిగినా దానితో చేసేదేమీ లేదు.

మూత్రం, ఊపిరితిత్తులు

యూరిన్ కాథెటర్ ఉన్న రోగి మూత్రంలో బ్యాక్టీరియా చేరే అవకాశం రోజుకు సుమారు 3 నుంచి 7 శాతం. నెల రోజులు ట్యూబు ఉంటే దాదాపు ప్రతి ఒక్కరి మూత్రంలోనూ ఏదో ఒకటి పెరుగుతుంది. అది రోగం కాదు. జ్వరం, పొత్తికడుపు నొప్పి, నడుము పక్కల నొప్పి లాంటివి ఉండి, కల్చర్‌లో మిల్లీలీటరుకు లక్షకు తగ్గకుండా, రెండు రకాలకు మించకుండా పెరిగితేనే కాథెటర్ ఇన్ఫెక్షన్ అని లెక్క. మూత్రం చిక్కగా ఉందనో వాసన వస్తోందనో కల్చర్ పంపితే పాజిటివ్ వస్తుంది, పాజిటివ్ వస్తే ఎవరో ఒకరు మందు రాస్తారు. ఇక్కడ నియంత్రణ అంటే చాలావరకు పంపకుండా ఉండడమే.

పంపాల్సి వస్తే బ్యాగ్ నుంచి తీయకూడదు. బ్యాగ్‌లో గంటలకొద్దీ నిలిచిన మూత్రంలో ఏమైనా పెరుగుతుంది. ట్యూబు మీద శాంపిల్ కోసం ఇచ్చిన పోర్టును స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. ట్యూబు వేసి రెండు వారాలు దాటితే ముందు దాన్ని మార్చి, కొత్త ట్యూబు నుంచే తీయాలి. పాతదాని గోడలకు పట్టిన పొరలో ఉన్నవన్నీ రోగి మూత్రాశయంలో ఉండాలని లేదు. గంటలోపు ల్యాబ్‌కు చేర్చలేకపోతే దీన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి. రక్తం సీసాకు, దీనికి నియమం సరిగ్గా ఎదురు, వార్డులో తారుమారయ్యేది కూడా అందుకే.

వెంటిలేటర్ న్యుమోనియా నిర్ధారణ అన్నిటికన్నా కష్టం. ఎక్స్‌రేలో మచ్చ నీరు చేరినా కనిపిస్తుంది, ఊపిరితిత్తి ముడుచుకున్నా కనిపిస్తుంది. ట్యూబులోంచి లాగిన కఫంలో ఏసినెటోబ్యాక్టర్ పెరిగిందంటే అది ట్యూబులో కాపురం పెట్టిందని మాత్రమే అర్థం కావచ్చు. అందుకే కఫంలో మిల్లీలీటరుకు లక్ష, బ్రాంకోస్కోపీతో కడిగి తీసిన ద్రవంలో పది వేలు అని హద్దులు పెట్టుకున్నారు, అవి కూడా అంతకుముందు యాంటీబయాటిక్ పడి ఉంటే తప్పుతాయి. నివారణలో మాత్రం సందేహం తక్కువ. మంచం తలవైపు 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు, కఫ్ (గొంతులోని ట్యూబు చుట్టూ ఉండే గాలి బుడగ) ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం, రోజూ మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకోగలడేమో చూడడం, పళ్లు బ్రష్‌తో తోమడం. నోటికి క్లోర్‌హెక్సిడిన్ పూయడం ఏళ్ల తరబడి చెక్‌లిస్టుల్లో ఉంది. మేలు కన్నా కీడు ఉండవచ్చన్న అనుమానంతో 2022 నాటి అమెరికా మార్గదర్శకాలు దాన్ని వద్దన్నాయి. మన చెక్‌లిస్టులు చాలా వాటిలో అది ఇంకా అలాగే ఉంది.

మన ఐసియూల రూపం

ఎయిమ్స్, ఐసీఎంఆర్ నడిపించిన జాతీయ నిఘా నెట్‌వర్క్ 26 ఆసుపత్రుల్లోని 89 ఐసియూల లెక్కలను 2022లో ప్రచురించింది. రక్తపు ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియానే. నవజాత శిశువుల ఐసియూల్లో రేట్లు అన్నిటికన్నా ఎక్కువ. పశ్చిమ దేశాల పుస్తకాల్లో చర్మం మీది స్టాఫ్ ప్రధాన పాత్ర అయితే, మన దగ్గర క్లెబ్సియెల్లా, ఏసినెటోబ్యాక్టర్. ఈ తేడా పట్టించుకోవాల్సిందే. చర్మం మీది క్రిమి లైన్ వేసేటప్పుడు లోపలికి వెళ్తుంది. నీళ్లు, సింకులు, సెలైన్ కలిపే బల్ల, నర్సు చేతుల మీద బతికే క్రిమి లైన్ వేసిన తర్వాత, దాన్ని తాకిన ప్రతిసారీ వెళ్తుంది.

లైన్ వేసేటప్పటి జాగ్రత్తలు తేలిపోయిన విషయమే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసియూలు అయిదు పనులు పట్టుకున్నాయి: చేతులు కడగడం, రోగిని తల నుంచి కాళ్ల దాకా స్టెరైల్ షీటుతో కప్పడం, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్, తొడ నరాన్ని వీలైనంత వదిలేయడం, అవసరం తీరిన లైన్ తీసేయడం. 2006లో వచ్చిన ఫలితాల్లో సగటు రేటు వెయ్యి లైన్ రోజులకు 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కు పడింది. మన ఐసియూల్లో ఈ అయిదూ పాటించినా రేటు అంతగా పడకపోవడానికి కారణం తర్వాతి రోజుల్లో ఉంటుంది. లైన్‌కు మందు ఎక్కించే బయటి కొసను (హబ్) తాకే ప్రతిసారీ కనీసం 5 నుంచి 15 సెకన్లు ఆల్కహాల్‌తో రుద్దాలి. ఒక్క నర్సుకు నలుగురు వెంటిలేటర్ రోగులుంటే, ఒక్కో రోగికి రోజుకు పాతిక సార్లు లైన్ ముట్టాల్సి వస్తే, ఆ సెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే అన్నిటికన్నా చవకైన నియంత్రణ లైన్ ముట్టే సార్లు తగ్గించడం: ఇంజెక్షన్లను మాత్రల్లోకి మార్చడం, రోజువారీ రక్తపరీక్షలన్నీ ఒకేసారి తీయడం, పొద్దున రౌండ్స్‌లో 'ఈ లైన్ ఈరోజు ఎందుకు' అని అడగడం.

మల్టీడోస్ వయల్స్ (ఒకే సీసా మందును పలుమార్లు వాడడం), అందరికీ ఒకే సెలైన్ బాటిల్ నుంచి ఫ్లష్ (లైన్ కడిగే సెలైన్) లాగడం ఇంకో పాత జబ్బు. పొద్దున తెరిచిన 500 మిల్లీలీటర్ల బాటిల్‌కు సూది గుచ్చి వదిలేసి రాత్రి దాకా వార్డంతా వాడతారు. బర్ఖోల్డేరియా, సెరేషియా లాంటి అరుదైన పేర్లు వారంలో ఇద్దరు ముగ్గురి రక్తంలో కనిపిస్తే ముందు అనుమానించాల్సింది ఈ బాటిల్‌నే. సింకుల్లో మిగిలిన యాంటీబయాటిక్ పారబోయడం, సింకుకు మీటరు దూరంలోపే మందులు కలపడం కూడా ఇదే కోవ.

చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ మందు కొరత అనే సాకు నిజానికి చెల్లదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం పది లీటర్లు ఆసుపత్రి ఫార్మసీలోనే తయారవుతుంది: 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, 98 శాతం గ్లిసరాల్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. పెరాక్సైడ్ చేతుల కోసం కాదు, సీసాల్లో ఉండే స్పోర్లను (కొన్ని బ్యాక్టీరియా తీసుకునే గట్టి గింజల్లాంటి రూపాలను) చంపడానికి. అందుకే నింపాక 72 గంటలు పక్కన పెట్టి తర్వాతే వాడాలి. క్లాస్ట్రిడియాయిడీస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల వార్డులో మాత్రం ఆల్కహాల్‌ను నమ్ముకోకూడదు, స్పోర్లు దానికి చావవు. అక్కడ సబ్బు, నీళ్లు, నేలకు హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం).

హైపో విషయంలో జరిగేవన్నీ కొలతల తప్పులే. 5 శాతం ద్రావణం ఒక లీటరుకు తొమ్మిది లీటర్ల నీళ్లు కలిపితే 0.5 శాతం, ఇది రక్తం ఒలికిన చోటుకు. ఒక లీటరుకు 49 లీటర్లు కలిపితే 0.1 శాతం, ఇది మామూలు ఉపరితలాలకు. రక్తం మీద నేరుగా పోస్తే క్లోరిన్ ఆ రక్తంతోనే ఖర్చయిపోతుంది, ముందు తుడిచి ఎత్తేయాలి. మే నెల ఎండలో స్టోరు గదిలో పడి ఉన్న క్యాన్‌పై 5 శాతం అని రాసి ఉన్నా లోపల అంత మిగలదు. కలిపిన బకెట్ ఆ రోజుకే.

ఇంత చేయాల్సింది ఉండగా డబ్బూ సమయమూ పోయేది ఎక్కడంటే, ఆపరేషన్ థియేటర్లలో ఫార్మలిన్ పొగ పెట్టడం, నెలనెలా గోడల స్వాబులు తీసి ల్యాబ్‌కు పంపడం. ఈ రెండింటివల్లా ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనడానికి ఆధారం లేదు. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. అయినా తనిఖీకి వచ్చేవాళ్లు ఆ ఫైలు అడుగుతారు కాబట్టి అది నడుస్తూనే ఉంటుంది.

ఒకేసారి కొందరికి వచ్చినప్పుడు

2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి ఒకేసారి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చింది. అనుమానం కంటిని కడగడానికి వాడిన రింగర్ లాక్టేట్ ద్రావణం మీదికి వెళ్లింది. ఒకే రోజు, ఒకే రకం ఆపరేషన్, చాలామందికి ఒకే జబ్బు అంటే ముందు అందరినీ తాకిన ఉమ్మడి వస్తువును వెతకాలి. చేయాల్సిన మొదటి పని, వాడగా మిగిలిన సీసాలను అదే బ్యాచ్ నంబరుతో సహా సీలు వేసి దాచడం. థియేటర్ కడిగేసి, సీసాలు పారేశాక ఏ ల్యాబూ కారణం చెప్పలేదు. తర్వాత ఎవరికి ఎప్పుడు, ఏ టేబుల్ మీద, ఏ బ్యాచ్, ఏ పరికరాల సెట్ అని ఒక పట్టిక. ఇన్ఫెక్షన్ రానివాళ్లను కూడా ఆ పట్టికలో రాయాలి, వాళ్లతో పోల్చకపోతే ఉమ్మడి వస్తువు బయటపడదు.

2022 ఆగస్టులో హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అక్కడ ఎన్ని పరికరాలున్నాయన్నది పక్కన పెట్టి, ఇలాంటి శిబిరాల లెక్క ఒకటి చూడాలి. లాప్రోస్కోప్‌ను (చిన్న కోతలోంచి కడుపులోకి పెట్టి చూసే గొట్టాన్ని) ఒకరికీ మరొకరికీ మధ్య విప్పి కడగడానికి పది నిమిషాలు, క్రిములను చంపే 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో ముంచడానికి 20, స్టెరైల్ నీళ్లతో కడగడానికి అయిదు. ఒక చుట్టు 35 నిమిషాలు. మూడు స్కోప్‌లుంటే 34 ఆపరేషన్లకు ఒక్క ముంచడం కూడా తగ్గించకుండా, ఆపరేషన్ల సమయం కలుపుకుని, ఆరున్నర గంటలకు పైనే పడుతుంది. అంతకన్నా త్వరగా ముగిసిందంటే ఎక్కడో ఆ 20 నిమిషాలు తగ్గినట్టే. కడగకుండా ముంచితే 20 నిమిషాలున్నా ఉపయోగం లేదు, రక్తపు పొర కింద క్రిమి క్షేమంగా ఉంటుంది. ద్రావణానికి 14 రోజుల గడువున్నా రోజూ టెస్ట్ స్ట్రిప్‌తో చూడాలి, తడి పరికరాలు మునిగే కొద్దీ అది పలచబడుతూ ఉంటుంది.

ఆపరేషన్లలో మరో రెండు మాటలు. యాంటీబయాటిక్ కోతకు ముందు 60 నిమిషాల్లోపు ఇవ్వాలి, శుభ్రమైన ఆపరేషన్లలో కుట్టు పడ్డాక కొనసాగించాల్సిన పని లేదు. మన దగ్గర అది అయిదు రోజుల ఇంజెక్షన్లు, ఆపై అయిదు రోజుల మాత్రలు. అలాగే ముందురోజు రాత్రి బ్లేడుతో గీయడం మానాలి. వెంట్రుకలు తీయక తప్పకపోతే క్లిప్పర్‌తో, ఆపరేషన్‌కు కాస్త ముందు.

ఈ పనులన్నీ చూడడానికి ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు కనీసం 250 పడకలకు ఒకరైనా పూర్తికాలం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, వంద పడకలకు ఒకరైతే మేలు. చాలా ఆసుపత్రుల్లో ఆ పేరు ఒకరికి ఉంటుంది, డ్యూటీ మాత్రం వార్డులో ఉంటుంది. అక్రెడిటేషన్ (ఆసుపత్రి నాణ్యతకు గుర్తింపు) తనిఖీ నెలలో ఆమెను వార్డు నుంచి విడిపిస్తారు, ఆ నెల కల్చర్ల సంఖ్య పెరుగుతుంది, దానితో పాటు ఇన్ఫెక్షన్ రేటు కూడా పెరుగుతుంది. యాజమాన్యం ఆ పెరుగుదలకు వివరణ అడగకుండా ఉంటేనే వచ్చే నెల కూడా రెండు సెట్లు ల్యాబ్‌కు వెళ్తాయి.